ఇది గూడ రాయొచ్చా సార్?

సంక్రాంతి దాటిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో గాలి కూడా పసుపు వాసనేస్తుంది. ఒక చేలో తవ్వకం, పక్క చేలో ఉడకబెట్టడం, ఆ పక్కన కల్లంలో ఆరబోత. బడి వదిలాక పిల్లలు ఇంటికి కాదు, ముందు చేనుకే పరిగెడతారు. కాడి ఏదో గోళ ఏదో తెలియని పిల్లలు ఆ ఊళ్లలో ఉండరు. ఉడికిన కొమ్ము చేత్తో విరిస్తే లోపల ఎలా ఉంటుందో, ఎండిన కొమ్ము రెండు వేళ్ల మధ్య ఎలా మోగుతుందో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అలాంటి పిల్లాడికే బడిలో 'పసుపు' గురించి పది వాక్యాలు రాయమని చెప్పి చూడండి. 'పసుపు ఒక సుగంధ ద్రవ్యము. దీని శాస్త్రీయ నామము కుర్కుమా లాంగా. పసుపును వంటలలో వాడుదురు. పసుపు క్రిమిసంహారిణి. పసుపు వలన మనకు అనేక ఉపయోగములు కలవు...' అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. తప్పు ఒక్కటి కూడా ఉండదు. పదికి తొమ్మిది మార్కులు పడతాయి. కానీ ఆ పది వాక్యాల్లో వాళ్ల చేను లేదు, పొగ లేదు, వేళ్లకంటిన పచ్చదనం లేదు. సముద్రం అవతల, పసుపు మొక్కను కంటితో చూడని పిల్లాడు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే రాయగలడు.

తెలిసిన పిల్లాడు తెలియనివాడిలా ఎందుకు రాస్తున్నాడు? ప్రాథమిక పాఠశాలల్లో రాత నేర్పడం గురించి మాట్లాడాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. వాడికి అక్షరాలు రాక కాదు. చెప్పడానికి ఏమీ లేకా కాదు. తనకు తెలిసింది కాగితం మీదికి ఎక్కడానికి పనికొస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు.

చేతిరాత వేరు, రాత వేరు

మన ఇళ్లలో 'మావాడు బాగా రాస్తాడు' అంటే అర్థం, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని. నాలుగు గీతల కాపీ పుస్తకం, చూచిరాత, ఉక్తలేఖనం, ప్రశ్నకు జవాబు... ప్రాథమిక తరగతుల్లో రాత అంటే చాలావరకు ఇవే. ఇవి అక్కర్లేదని కాదు. చెయ్యి తిరగాలి, ఒత్తులూ దీర్ఘాలూ పట్టుబడాలి. కానీ వీటన్నిటిలోనూ మాట ఇంకొకరిది. పిల్లాడి వంతు దాన్ని దించడం మాత్రమే.

సొంతంగా రాయడం వేరే పని. ఏం చెప్పాలో వెతుక్కోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. రాసింది చదువుకుని, బాగాలేని చోట మార్చుకోవాలి. పెద్ద రచయితలైనా చేసేది ఇదే. ఈ పత్రికలో అచ్చయ్యే చిన్న వార్త కూడా విలేకరి చేతి నుంచి నేరుగా అచ్చుకు పోదు. డెస్కులో ఒకరు చదువుతారు, ఎక్కువైంది తీసేస్తారు, ముఖ్యమైన వాక్యాన్ని పైకి తెస్తారు. ఆ తర్వాతే పేజీలో పెడతారు. అనుభవమున్న పెద్దలకే ఇన్ని దశలుంటే, తొమ్మిదేళ్ల పిల్లాడు మాత్రం నలభై నిమిషాల పీరియడులో ఒకే ఒక్క రాతతో, కొట్టివేతలు లేకుండా, తప్పుల్లేకుండా రాసెయ్యాలని కోరుకుంటాం.

ఈ విచిత్రాన్ని పట్టుకున్నది కూడా ఒక పత్రికల మనిషే. అమెరికాలో సంపాదకీయాలు రాసి 1954లో పులిట్జర్ బహుమతి అందుకున్న డొనాల్డ్ ముర్రే తర్వాత న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. బడిలో మనం చూడాల్సింది రాసి ముగించిన కాగితాన్ని కాదు, అది తయారయ్యే క్రమాన్ని అని 1972లో ఒక వ్యాసంలో వాదించారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ గ్రేవ్స్ 1978 నుంచి రెండేళ్లపాటు ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల పక్కన కూర్చుని వాళ్లు ఎలా రాస్తున్నారో గమనించారు. ఎక్కడ ఆగుతున్నారు, ఏం కొట్టేస్తున్నారు, ఎవరికి చదివి వినిపిస్తున్నారు... అన్నీ చూశారు. విషయాన్ని వాళ్లనే ఎంచుకోనిస్తే, రాసినదాన్ని ఎవరైనా శ్రద్ధగా వింటే, చిన్నపిల్లలు కూడా తమ రాతను తామే దిద్దుకుంటారన్నది 1983లో వచ్చిన ఆయన పుస్తకం సారాంశం.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనిపించవచ్చు. కానీ పసుపు పండించే ఊరికి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

పచ్చి కొమ్ము మార్కెట్‌కు పోదు

జూన్‌లో నాటిన విత్తనం ఎనిమిది, తొమ్మిది నెలలకు పంటవుతుంది. తవ్వగానే దాన్ని సంచుల్లో నింపి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలే రైతు ఉండడు. మట్టి దులపాలి. కాడి, గోళ వేరు చెయ్యాలి. రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. ఉడికినదాన్ని పది పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టాలి. ఆ తర్వాత డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టాలి. ఇంత జరిగితే పచ్చిగా ఉన్నప్పటి బరువులో సుమారు ఐదో వంతు మిగులుతుంది. అప్పుడే దానికి ధర.

ఏ దశకు ఆ దశే. తవ్వుతున్నప్పుడు 'ఈ కొమ్ముకు మెరుపేదీ' అని ఏ రైతూ అడగడు. ఉడక్కముందే మెరుగు డ్రమ్ములో వెయ్యడు. వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు.

బడిలో మాత్రం జరిగేది అదే. పిల్లాడు మొదటి వాక్యం తవ్వి పైకి తీస్తుండగానే ఎర్రసిరా దిగుతుంది. 'ఒత్తు ఏది? ళ కాదు ల. ఇది గ్రామ్యం, అలా రాయకూడదు.' ఆ దెబ్బతో వాడు తవ్వడం మానేస్తాడు. తనకు కచ్చితంగా వచ్చిన వాక్యాలే రాస్తాడు. అవి ఎక్కడుంటాయి? గైడులో. తప్పు రాకూడదంటే అంతకంటే క్షేమమైన చోటు వాడికి తెలియదు.

తెలుగు వాచకాల్లో ఆ చోటు వదిలిపెట్టలేదనడానికి లేదు. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చాక తిరగరాసిన పాఠ్యపుస్తకాల్లో 'స్వీయరచన', 'సృజనాత్మకత' అని విడిగా శీర్షికలే పెట్టారు. జవాబు పాఠంలో దొరక్కూడదు, పిల్లలు తమ మాటల్లో రాయాలన్నది ఉద్దేశం. కానీ ఆ ప్రశ్నలకు కూడా బజారులో జవాబులు తయారు. 'మీ ఊరి జాతర గురించి రాయండి' అన్న ప్రశ్నకు సైతం గైడులో ఒక జాతర సిద్ధంగా ఉంటుంది. ఏ ఊరిదో ఎవరికీ తెలియని జాతర అది. తరగతిలో నలభై మందీ ఆ జాతరకే వెళ్లొస్తారు.

పుల్ల దిగిందా లేదా?

మరి దశలవారీగా నేర్పడమంటే తరగతి గదిలో ఎలా ఉంటుంది? ఒక సన్నివేశం ఊహిద్దాం.

ఆర్మూర్ దగ్గర ఓ పల్లె. నాలుగో తరగతి. సారు బోర్డు మీద విషయం రాయలేదు. 'ఈ వారం మీరు కళ్లారా చూసిన పని ఒకటి చెప్పండి' అన్నారు. పిల్లలు ముందు మాట్లాడుకున్నారు. ఒకరు వాళ్లమ్మ బీడీలు చుట్టడం గురించి, ఒకరు నీళ్ల మోటారు కాలిపోయిన సంగతి, ఒకరు పసుపు ఉడకబెట్టడం గురించి. మాట్లాడటం అయ్యాక రాయడం. తప్పుల సంగతి ఇవాళ వద్దని సారు ముందే చెప్పేశారు. పసుపు పిల్లాడు ఇలా రాశాడనుకోండి:

'మా చేన్ల పసుపు తవ్విర్రు. నేను పోయిన. మస్తు వేడి. పొగ అచ్చింది. కండ్లు మండినయ్. పసుపు ఉడికింది. ఆరబోసిర్రు. పసుపు వలన అనేక ఉపయోగములు కలవు.'

చివరి వాక్యం గైడు నుంచి వచ్చి కూర్చుంది. మిగతావన్నీ వాడివే. సారు ఎర్రపెన్ను తీయలేదు. పక్కన కూర్చుని అడిగారు.

'పసుపు ఉడికిందని రాసినవ్. ఉడికిందని మీ బాపుకు ఎట్ల తెల్సింది?'

'పుల్లతోని గుచ్చి చూస్తడు సార్. పుల్ల మెత్తగ దిగితే ఉడికినట్టు.'

'ఫస్టుసారే దిగిందా?'

'లేదు సార్. దిగలే. ఇంక కట్టెలు పెట్టుమన్నడు. నేనే తెచ్చిన.'

'మరి ఇదంత రాయలేదేందిరా?'

పిల్లాడు కాసేపు సారు ముఖంలోకి చూశాడు. 'ఇది గూడ రాయొచ్చా సార్?'

రాత నేర్పడంలో ఉన్న మర్మమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దానికి సారు 'రాయొచ్చు' అన్న క్షణాన వాడికో తలుపు తెరుచుకుంటుంది. మర్నాడు వాడు రెండో రాత రాస్తాడు. అందులో పుల్ల వస్తుంది, దిగకపోవడం వస్తుంది, తను మోసుకొచ్చిన కట్టెలొస్తాయి. కళ్లు మండింది కట్టెలు పెట్టేటప్పుడు కాబట్టి ఆ వాక్యం అక్కడికి జరుగుతుంది. దోస్తుకు చదివి వినిపిస్తే, 'ఉపయోగములు ఎందుకురా మధ్యల?' అని వాడే అడుగుతాడు. చివరి వాక్యం దానంతటదే రాలిపోతుంది. ఎవరూ కొట్టెయ్యక్కర్లేదు.

తప్పులు దిద్దడం మూడో మజిలీ. అప్పుడు ఒత్తులు చూడాలి, దీర్ఘాలు చూడాలి, వాక్యం ఎక్కడ ఆగిందో చుక్క పెట్టించాలి. అదీ అన్నీ ఒకేసారి కాదు. ఈసారి ఒత్తులు, వచ్చేసారి ళ, ల తేడా. కాగితం నిండా ఎర్రగీతలుంటే పిల్లాడు దేన్నీ చూడడు. రెండే ఉంటే రెండూ గుర్తుపెట్టుకుంటాడు. తను చెప్పాలనుకున్నది తేలాక దిద్దుకోవడం మీద వాడికీ మోజు పుడుతుంది, మార్కెట్‌కు తీసుకెళ్లే ముందు రైతు మెరుగు పెట్టుకున్నట్టే. చివరిగా తెల్లకాగితం మీద మంచి చేతిరాతతో శుభ్రంగా ఎత్తిరాయడం. ఇంతకాలం మొదటే అడుగుతున్న చేతిరాతకు అసలైన చోటు ఇదీ.

ఇంటి మాట బడికి రావచ్చా?

ఇక్కడో చిక్కు. 'చేన్ల', 'అచ్చింది', 'తవ్విర్రు'... ఇవి తప్పులా?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. వందేళ్ల క్రితం తెలుగునాట నడిచిన వ్యావహారిక భాషోద్యమం మొదలైంది కవుల సభల్లో కాదు, బడిలోనే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు, పిల్లలు మాట్లాడే భాష ఒకటీ రాయాల్సిన భాష మరొకటీ అయితే చదువెలా అబ్బుతుందని అడిగారు. స్కూల్ ఫైనల్ పరీక్షలో పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది 1910లలో పెద్ద పండితులను రెండు వర్గాలుగా చీల్చింది. అదే గిడుగు, సవర పిల్లలకు తెలుగు కూడా పరాయి భాషేనని గుర్తించి, సవర నేర్చుకుని, వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గెలిపించిన సూత్రాన్ని మాత్రం నాలుగో తరగతి నోటుబుక్కులో ఓడిస్తున్నాం.

తెలంగాణ పిల్లలకు ఇది రెండింతల బరువు. గ్రాంథికం పోయి వ్యావహారికం వచ్చాక కూడా పుస్తకాల్లోని వ్యావహారికం వాళ్లింటిది కాలేదు. కాళోజీ నారాయణరావు జీవితమంతా మాట్లాడింది ఈ దూరం గురించే. ఆయన జయంతి సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. దానికితోడు 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండే పుస్తకాలు వచ్చాయి. అంటే ఇవాళ్టి ఆర్మూర్ పిల్లాడు ఇంటి తెలుగు, పుస్తకం తెలుగు, ఇంగ్లిషు... మూడు గడపలు దాటాలి.

దాటించడానికి దశలే దారి. మొదటి రాత ఇంటి మాటలోనే ఉండనివ్వాలి. తవ్వేటప్పుడు చేతికి ఏ పనిముట్టు అలవాటో దానితోనే తవ్వాలి కదా! శుభ్రంగా ఎత్తిరాసే రోజున మాట్లాడుకోవచ్చు. 'ఇది వేరే జిల్లా పిల్లలు చదవాలంటే చేన్ల అని ఉంచుదామా, చేనులో అని రాద్దామా? మీ బాపు మాట్లాడిన మాట ఎట్ల ఉంచుదాం?' బాపు మాట బాపు మాటలాగే ఉంటుంది. కథ చెప్పే వాక్యం కావాలంటే మారుతుంది. రెండు తెలుగులూ ఒప్పులే, ఎక్కడ ఏది వాడాలో తెలియడమే చదువు. 'అది తప్పు' అని చెప్పిన పిల్లాడికీ, 'అది మనింటి మాట, ఇది పుస్తకం మాట' అని చెప్పిన పిల్లాడికీ మధ్య జీవితకాలపు తేడా ఉంటుంది. మొదటివాడు వాళ్లమ్మ మాటకు సిగ్గుపడటం నేర్చుకుంటాడు.

అరబ్బు ఉత్తరాలు

ఈ ప్రాంతంలో పిల్లల రాతకు ఒకప్పుడు గొప్ప అవసరం ఉండేది. డెబ్బయ్యో దశకం నుంచి నిజామాబాద్, కరీంనగర్ పల్లెల మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. ఇంట్లో చదువు రాని తల్లి. నాలుగో ఐదో తరగతి చదివే కొడుకో కూతురో. తండ్రికి ఉత్తరం రాయాల్సింది ఆ పిల్లలే. వచ్చిన ఉత్తరం చదివి వినిపించాల్సిందీ వాళ్లే. అమ్మ చెబుతుంటే రాసేవాళ్లు. అప్పుల సంగతి, బావిలో నీళ్ల సంగతి, నాయినమ్మ దగ్గు సంగతి. 'అట్ల గాదు, బాధపడ్తడు, తీసెయ్' అని అమ్మ అంటే కొట్టేసి మళ్లీ రాసేవాళ్లు. తెలియకుండానే వాళ్లు రెండో రాత నేర్చుకున్నారు. చదివే మనిషిని కళ్ల ముందు పెట్టుకుని రాయడం నేర్చుకున్నారు. రాతలో ఏ గురువైనా నేర్పగలిగింది ఇంతకంటే ఏముంది?

తర్వాత మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లు వచ్చాయి. ఆ తర్వాత ఫోన్లు. ఇప్పుడు దుబాయిలో ఉన్న తండ్రి రాత్రికి వీడియో కాల్‌లో కనిపిస్తాడు. మంచిదే. బిడ్డ ముఖం చూడ్డానికి మించిన ఉత్తరం లేదు. కానీ దాంతో రాత అనే పని ఇంట్లోంచి వెళ్లిపోయింది. ఇక అది పరీక్షకే మిగిలింది. చదివే మనిషి లేడు, దిద్దే మనిషే ఉన్నాడు. ఎవరి కోసమో తెలియని రాతలో ప్రాణం ఎక్కణ్నుంచి వస్తుంది?

అలాగని జీవితంలో రాత అవసరం పోలేదు. నిజామాబాద్ జిల్లాకు ఆ సంగతి బాగా తెలుసు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని అడిగి అడిగి విసిగిన రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో తామే నామినేషన్లు వేశారు. బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే. దేశమంతా ఇటు చూసింది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. అర్జీ అయినా, నామినేషన్ పత్రమైనా, గల్ఫ్ కంపెనీ ఒప్పందమైనా కాగితం దగ్గరికొచ్చేసరికి మన మాట మనం పెట్టగలగాలి. పక్కవాడు రాసిపెట్టిన కాగితం మీద వేలిముద్ర వేయడానికీ, గైడులో వాక్యం దించడానికీ పెద్ద తేడా లేదు. రెండింట్లోనూ మాట మనది కాదు.

చదివేవాళ్లు ఉండాలి

పిల్లల రాతకు పాఠకులను వెతికిపెట్టిన గురువుల్లో ఫ్రాన్స్ దేశపు సెలెస్టిన్ ఫ్రెనే పేరు ముందు చెప్పుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, గంటలకొద్దీ గట్టిగా పాఠం చెప్పలేని స్థితిలో ఆయన ఓ పల్లెటూరి బడికి వచ్చారు. పిల్లలను ఊళ్లోకి తీసుకెళ్లేవారు. సాలెవాళ్లను, కమ్మరులను, చేలను చూపించేవారు. చూసిందే రాయమనేవారు. 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చారు. పిల్లల రాతల్లోంచి పిల్లలే ఒకటి ఎంచుకునేవారు, అందరూ కలిసి దిద్దేవారు, సీసపు అక్షరాలు పేర్చి అచ్చేసేవారు. అది దూరపు ఊరి బడికి వెళ్లేది. అక్కణ్నుంచి వాళ్ల పత్రిక వచ్చేది. మాట సరిచూసుకోవాల్సిన అవసరం గురువు బెత్తం నుంచి కాక, అవతలి పిల్లలకు అర్థం కావాలన్న తపన నుంచి పుట్టింది.

మనకూ గోడపత్రిక ఉంది. అచ్చుయంత్రం అక్కర్లేదు, ఒక చార్టు చాలు. పిల్లల రాతలకు చోటిచ్చే పత్రికలూ ఉన్నాయి. అనంతపురం జిల్లా నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పల్లె పిల్లల కథలకు పెద్దపీట వేసింది. తెలంగాణలో 'బాలచెలిమి' ఉమ్మడి జిల్లాలవారీగా బడిపిల్లల కథలను పుస్తకాలుగా తెచ్చింది. పేరు అచ్చులో చూసుకున్న పిల్లాడి సంగతి పక్కన పెట్టండి. పక్క తరగతి పిల్లలు గోడ దగ్గర ఆగి తన పుల్ల కథ చదువుతుంటే దూరం నుంచి చూసిన పిల్లాడు చాలు... మర్నాడు ఎవరూ చెప్పకుండానే ఇంకోటి రాసుకొస్తాడు.

'ఇవన్నీ వినడానికి బాగుంటాయి. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. ఎక్కడ తీరుతుంది?' అని ఉపాధ్యాయులు అడిగితే అందులో న్యాయం ఉంది. పైగా పైనుంచి అడిగే లెక్కల్లో ఇది లేదు. 2005 నుంచి వస్తున్న 'అసర్' సర్వేలో పల్లె పిల్లల చదవడాన్ని కొలుస్తారు, లెక్కలను కొలుస్తారు. సొంతంగా రాయడాన్ని కొలవరు. తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' చదవడం, రాయడం, లెక్కల్లో పునాది గట్టిచేయడానికి పెట్టింది. మెట్టు పేరే చెబుతోంది, అది తొలిది అని. రెండో మెట్టు మీద పిల్లాడి సొంత మాట ఉండాలి.

రోజూ కొత్త వ్యాసం అక్కర్లేదు. వారానికి ఒక్కటి చాలు. సోమవారం మాట్లాడుకోవడం, మంగళవారం మొదటి రాత, గురువారం దోస్తుకు చదివి వినిపించి రెండో రాత, శనివారం దిద్దుకుని ఎత్తిరాయడం. నలభై కాగితాలూ టీచరే దిద్దాలని లేదు. మొదటి వినికిడి పిల్లలదే. ఐదో తరగతి పిల్లలు మూడో తరగతి వాళ్లకు వింటారు. టీచరు రోజుకు నలుగురైదుగురి పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న అడిగితే వారంలో తరగతిలో సగం మందికి పైగా వంతు వస్తుంది. రాని పిల్లలు పై వారం ముందుంటారు. బహుళ తరగతి బడి ఇక్కడ అడ్డు కాదు, ఆసరా.

మార్కుల భయం కూడా అక్కర్లేదు. తన మాట తాను దిద్దుకోవడం వచ్చిన పిల్లాడికి పరీక్షలో ఇచ్చిన విషయం మీద రాయడం కష్టం కాదు. గైడు మాత్రమే తెలిసిన పిల్లాడికి గైడులో లేని ప్రశ్న వస్తే చేతులాడవు.

ఇంట్లో పెద్దలు చేయగలిగిందీ ఉంది. దానికి చదువు వచ్చి ఉండాల్సిన పని కూడా లేదు. బిడ్డ నోటుబుక్కు తెస్తే ముందు అక్షరాల వంకర చూడొద్దు. 'ఏం రాసినవ్? సదువు, ఇంట' అనండి. చేతిలో బీడీల చాట ఉన్నా, ముందు పసుపు కుప్ప ఉన్నా వినడానికి చెవులు ఖాళీయే. విన్నాక 'మంచిగుంది' అని వదిలెయ్యకండి. 'తర్వాత ఏమైంది?' అని అడగండి. అంతే. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికి పిల్లాడు పెన్సిలు వెతుక్కుంటూ వెళ్తే, వాళ్లింట్లో రెండో రాత మొదలైనట్టే.